సిన్ కార్నె

ఓడలో రోజుకి ఆరు పూటలు పెడుతున్నా, రేవు కనబడగానే నాకు బయటి తిండి మీదకి మనసు పోతుంది. పెరూలో కయావో రేవు దగ్గర ఓడ ఆగినప్పుడు తోటివాళ్ళంతా రాజధాని లీమా చూడ్డానికి బస్సెక్కారు. "ఆ ట్రాఫిక్కులో ఇరుక్కుని ఓడ తప్పిపోతే?" అని బెదరగొట్టి మా ఆవిడని కయావోలోనే ఆపేశాను. అసలు సంగతేమిటంటే నాకు చీఫా తినాలనుంది.

పెరూలో చైనా హోటల్నీ, అక్కడి తిండినీ చీఫా అంటారు. 'అన్నం తిను' అనే అర్థమున్న 'చీ ఫాన్' అన్న చైనా మాటే అలా అయిందని చెబుతారు. 1849లో మొదటి చైనా కూలీలు దిగింది ఈ రేవులోనే. తర్వాతి పాతికేళ్ళలో దాదాపు లక్షమంది వచ్చారు, చెరకు తోటల్లో నడుములు విరగ్గొట్టుకోడానికి, దీవుల్లో పక్షిరెట్ట తవ్వి ఎరువుకి ఎత్తడానికి. ఇదంతా దారి పొడుగునా మా ఆవిడకి చెబుతూనే ఉన్నాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"అక్కడ నేను తినేదేమైనా ఉంటుందాండీ?"

తను శాకాహారి. నేను అన్నీ తింటాను. ఈ రెండో ముక్క కాస్త గుర్తుంచుకోండి.

"స్పానిష్ నేర్చుకున్నాగా!" అన్నాను. నేర్చుకున్నది రెండు మాటలు. సిన్ అంటే 'లేకుండా', కార్నె అంటే 'మాంసం'. శాకాహారి పెళ్ళాం ఉన్న మొగుడికి ఇంకేం కావాలి?

నాలుగు బల్లల కొట్టు. గల్లా దగ్గర ఓ చైనా మామ్మ, మూల బల్ల మీద హోంవర్కు చేసుకుంటూ మనవరాలు. "ఒక చౌఫా, సిన్ కార్నె" అన్నాను, పుట్టి బుద్ధెరిగాక ఆ భాషే మాట్లాడుతున్నంత ధీమాగా. చౌఫా అంటే ఫ్రైడ్ రైసే. మామ్మ తలూపి వంటింట్లోకి ఓ కేక వేసింది.

పళ్ళెం వచ్చింది. నలుగురు తినే గుట్ట. ఆ గుట్టలోంచి ఓ కోడిముక్క తొంగిచూసింది.

"సిన్ కార్నె!" అన్నాను.

"సీ, సిన్ కార్నె. పోయో!" అంది మామ్మ సంబరంగా.

అక్కడ హోటల్లో కార్నె అంటే గొడ్డుమాంసమేనట. పోయో, అంటే కోడి, ఆ లెక్కలోకి రాదు. పళ్ళెం నా వైపు జరిగింది.

"సిన్ కార్నె, సిన్ పోయో" అని సవరించాను. అంచులు ఎర్రగా మెరుస్తున్న పందిమాంసం ముక్కలతో రెండో గుట్ట వచ్చింది. దాన్నీ కాదంటే మూడో గుట్ట, మీద రొయ్యలు. నేను ఒక ప్రాణిని వద్దంటుంటే మామ్మ ఇంకో ప్రాణిని పంపిస్తోంది. సముద్రం దాకా వచ్చేశాం, ఇంక మిగిలింది ఆకాశమే. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఆ మౌనానికి అర్థం నాకు డిక్షనరీ లేకుండానే తెలుసు.

తనే లేచి మూల బల్ల దగ్గరికి వెళ్ళింది. పుస్తకాల పక్కన మనవరాలి మధ్యాహ్న భోజనం: తెల్లన్నం, పలచటి పచ్చ బఠానీ కాయలు తొక్కతోనే వేయించినవి, వాటి మీద వెంట్రుకల్లా తరిగిన అల్లం. మా ఆవిడ ఆ గిన్నె చూపించింది, తర్వాత తన పొట్ట చూపించింది. భాష అయిపోయింది.

"ఆ! కియోన్!" అని మామ్మ అల్లం చూపిస్తూ నవ్వింది. అల్లానికి పెరూ మొత్తం చైనా మాటే వాడుతుందని, పాపం, నా రెండు మాటల్లో ఎక్కడా లేదు. అయిదు నిమిషాల్లో గిన్నె వచ్చింది. మా ఆవిడ ఒక్క మెతుకు మిగల్చలేదు.

నేను మొదటి గుట్టలో సగం దాకా తవ్వి చేతులెత్తేశాను. నాలుగు పళ్ళేలకీ పెరూ డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, మిగిలింది మూడు పొట్లాలు కట్టించాను.

ఆ రేవులో ఓడ దాకా నడవనివ్వరు, గేటు దగ్గర బస్సెక్కాలి. ఎక్కబోతుంటే మా ఆవిడ మెల్లిగా అంది, "వండిన తిండి ఓడలోకి రానివ్వరు కదండీ."

పొట్లాలు డ్రైవరు చేతిలో పెట్టాను. అతను ఒకదాని మూత ఎత్తి వాసన చూసి, "దె కార్నె?" అన్నాడు.

"నో" అన్నాను. "సిన్ కార్నె."