వరుడి వయసు ఎవరడిగారండీ?

(కాకినాడలో ఓ ఇంటి వసారా. రాజ్యలక్ష్మి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సుబ్బారావు ఫోన్ ముక్కుకి ఆనించుకుని చదువుతున్నాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ఆ సంగతి మర్చిపోయే అవకాశం ఇంట్లో ఎవరికీ ఇవ్వడు.)

రాజ్యలక్ష్మి: ఏవండీ, ఆ రాజమండ్రి సంబంధం వద్దని చెప్పేయండి. పిల్లకి 34 అట. అంత ముదిరాక పిల్లలు పుడితే ఆటిజం వస్తుందని మా వదిన చెప్పింది.

సుబ్బారావు: మన అబ్బాయికెంత?

రాజ్యలక్ష్మి: వాడికేం, మొన్ననేగా 42 నిండాయి. అయినా మగాడికి వయసేంటండీ, విడ్డూరం కాకపోతే!

సుబ్బారావు: అదిగో, అక్కడే ఉంది తిరకాసంతా. 2012లో ఐస్‌లాండ్ వాళ్లు తల్లీ, తండ్రీ, బిడ్డా ముగ్గురి జన్యువులూ పక్కపక్కన పెట్టి చూశారు. తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డలో కొత్తగా సుమారు రెండు మార్పులు ఎక్కువట. 20 ఏళ్ల తండ్రి నుంచి ఓ 25 వస్తే, 40 ఏళ్ల తండ్రి నుంచి 65 దాకా వస్తాయి. తల్లి నుంచి వచ్చేవి 15, అటూ ఇటూగా అంతే.

రాజ్యలక్ష్మి: ఎందుకలా?

సుబ్బారావు: ఎందుకంటే ఆడవాళ్లకి అండాలు వాళ్లమ్మ కడుపులో ఉండగానే తయారైపోతాయి. మగవాళ్లకి ఆ... అవి ఉంటాయే... అవి...

రాజ్యలక్ష్మి: చెప్పండి, ఇద్దరు పిల్లల్ని కన్నాక ఇప్పుడా సిగ్గు?

సుబ్బారావు: (గొంతు తగ్గించి) వీర్యకణాలు. అవి రోజూ కొత్తవి తయారవుతూనే ఉంటాయి. ప్రతిసారీ జన్యువుల్ని మళ్లీ కాపీ కొట్టాలి కదా, ఏళ్లు గడిచేకొద్దీ తప్పులు పోగవుతాయి. చాలావాటితో ఏ ఇబ్బందీ ఉండదులే, కానీ ఎన్ని ఎక్కువైతే ఏదో ఒకటి తగలకూడని చోట తగిలే అవకాశం అంత ఎక్కువ.

రాజ్యలక్ష్మి: పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్లని పట్టుకుని పట్టుకుని మీకు అన్నీ అలాగే కనబడుతున్నాయి.

సుబ్బారావు: ఇంకా విను. డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియా అన్నీ కలిపి 57 లక్షల మంది పిల్లల లెక్కలు తీశారు. ఇరవైల్లో ఉన్న తండ్రుల కంటే నలభైల్లో ఉన్న తండ్రుల పిల్లలకి ఆటిజం 28 శాతం ఎక్కువ, యాభై దాటితే 66 శాతం. అదే తల్లి నలభైల్లో ఉంటే ఎంతో తెలుసా? 15.

రాజ్యలక్ష్మి: (చిక్కుడుకాయ కింద పడేసి) అమ్మో! అంటే మనవాడికి వందమంది పుడితే 28 మందికి...

సుబ్బారావు: వాడికి ముందు ఒకరు పుట్టనీవే! కందిపప్పు 28 శాతం పెరిగిందంటే కిలో 28 రూపాయలైందనా? వెయ్యిమందిలో పదిమందికి ఉందనుకో, అది 13 అవుతుంది. మిగతా 987 మందికీ లేదు కదా.

రాజ్యలక్ష్మి: అది ముందు చెప్పాలి. అయినా మనకెందుకీ గోల, శుభ్రంగా 27 ఏళ్ల పిల్లని చూద్దాం. తల్లి వైపు నుంచైనా దిగులుండదు.

సుబ్బారావు: (ఈ మాట కోసమే కాచుక్కూర్చున్నవాడిలా) ఆ 57 లక్షల లెక్కలోనే ఉంది. మొగుడూ పెళ్లాల మధ్య వయసు తేడా బాగా ఎక్కువైనా అవకాశం పెరుగుతుంది. అందులోనూ అన్నిటికంటే ఎక్కువ ఎక్కడ కనబడిందయ్యా అంటే, తండ్రికి 35 నుంచి 44 మధ్య ఉండి, తల్లి పదేళ్లో అంతకన్నా ఎక్కువో చిన్నదైనప్పుడు. నువ్వు చెప్పిన సంబంధం అచ్చంగా అదే!

రాజ్యలక్ష్మి: మీరు కావాలని చదివారు.

సుబ్బారావు: ఇంకోటి, ఇరవై నిండకుండా తల్లయితే 18 శాతం ఎక్కువ. వీడు పుట్టినప్పుడు నీకు 19.

రాజ్యలక్ష్మి: 19కే తల్లిని చేసిందెవరో కూడా చదవండి, ఆ ఫోన్లో ఉంటే.

(కాసేపు చిక్కుడుకాయలు విరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు.)

రాజ్యలక్ష్మి: మరి మన మనవడు చింటూ సంగతేంటి? వాడు పుట్టినప్పుడు అమ్మాయికి 26, అల్లుడికి 29. వాడికి ఆటిజం ఎందుకొచ్చినట్టు?

సుబ్బారావు: వయసు వాటా చిన్నదే అనేది అందుకే. పెద్ద వాటా వంశంలో వచ్చే జన్యువులది, 80 శాతం దాకా అని 2019లో ఇంకో పెద్ద లెక్క తేల్చింది.

రాజ్యలక్ష్మి: వంశమంటే మీ వైపే. మామయ్యగారు విస్తరి జానెడు పక్కకి జరిపితే అన్నం మానేసి లేచిపోయేవారు కాదూ?

సుబ్బారావు: మీ చిన్నాన్నో? సొంత పెళ్లిలో బాజాలు మోగాయని అటకెక్కి కూర్చుంటే ముహూర్తం టైముకి నిచ్చెనేసి దింపారు.

(చిన్న మార్పునీ, చప్పుళ్లనీ తట్టుకోలేకపోవడం ఆటిజంలో కనబడేదే. అలాగని ఇలా వరండాలో కూర్చుని పోయినవాళ్లకి రోగనిర్ధారణ చేయడం శాస్త్రం కాదు. కానీ మన ఇళ్లల్లో ఆపగలిగినవాళ్లెవరు?)

రాజ్యలక్ష్మి: అయినా చింటూకి ఏం తక్కువని? మిక్సీ చప్పుడు పడదు, అంతేగా. వాడొచ్చినప్పుడల్లా నేను రోట్లోనే నూరుతున్నానా లేదా?

సుబ్బారావు: వాడి పుణ్యమా అని నాకూ ఏడాదికి రెండుసార్లు రోటి పచ్చడి దొరుకుతోంది. అలాంటి మనవడు ఇంకొకడు వస్తే నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ రాజమండ్రి పిల్ల వయసు గురించి మాత్రం ఎత్తకు, పరువు పోతుంది. వాళ్లే మనవాడి వయసు లెక్కేస్తే ఏం చెబుతావు?

రాజ్యలక్ష్మి: సరే, ఆ సంబంధమే చేద్దాం. కానీ ఇంకా నాన్చకుండా మన సుపుత్రుడికి ఆ ఐస్‌లాండ్ సంగతి మీరే చెప్పండి.

సుబ్బారావు: నేనా? తండ్రీకొడుకుల మధ్య ఆ మాటలేంటే! నువ్వు చెప్పు.

రాజ్యలక్ష్మి: తల్లి చెప్పే మాటలా అవి? (ఫోన్ లాక్కుని బెంగళూరు కలిపి, స్పీకర్ పెట్టి ఆయన మొహం ముందు పెట్టింది.)

ఫోన్‌లో: హలో నాన్నా, చెప్పండి.

సుబ్బారావు: ఆఁ... ఏం లేదురా... అదే... అక్కడ వర్షాలెలా ఉన్నాయి?