ఉచిత టూల్‌తో తీసిన డిస్క్ ఇమేజ్ చెల్లదని ఎవరు చెప్పారు?

వారం రోజులుగా హనుమకొండ కంప్యూటర్ షాపుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. డబ్బులు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌తో తీయని డిస్క్ ఇమేజ్ (డిస్క్ మొత్తాన్ని బైటు బైటుగా తీసిన కాపీ) కోర్టులో చెల్లదట, లైనక్స్‌లో ఉండే డీడీ (dd) కమాండ్ లాంటి ఉచిత టూల్స్ తప్పుగా కాపీ చేస్తాయట, లైనక్స్‌లో రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే (చదవడానికి మాత్రమే తెరిస్తే) రైట్ బ్లాకర్ (డిస్క్ మీద రాత పడకుండా అడ్డుకునే పరికరం) అక్కర్లేదట. మూడూ తప్పే. ఇది చదివి ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి వ్యాపారి, గుమాస్తా మార్చిన లెక్కలున్న డిస్క్‌ను ఇక పనికిరాదని పక్కన పడేయబోయాడు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నా.

చెల్లదన్న మాట చూద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్, డేటా కొంచెం మారినా ఇదీ మారిపోతుంది) రాయాలి, ఏ అల్గారిథమ్‌తో తీశారో చెప్పాలి. సాఫ్ట్‌వేర్ కొన్న బిల్లు అడగరు. ఇమేజ్ తీసే గైమేజర్ అనే టూల్ ఉచితమే, ఇమేజ్ తీస్తూనే హ్యాష్ కడుతుంది, మళ్లీ చదివి సరిచూస్తుంది కూడా.

ఇక డీడీ తప్పుగా కాపీ చేస్తుందన్నది. ఆ అడ్తి డిస్క్ 500 జీబీది, సరిగ్గా చెప్పాలంటే 5,00,10,78,62,016 బైట్లు, ఒక్క బ్యాడ్ సెక్టార్ (పాడై చదవలేని చోటు) లేదు. అయినా మా షాపు పిల్లవాడు తీసిన ఇమేజ్ 10,24,000 బైట్లు ఎక్కువ వచ్చింది, హ్యాష్ కలవలేదు, పాపం వాడికి ఒకటే టెన్షన్. చూస్తే ఎక్కడో దొరికిన కమాండ్ అలాగే కొట్టాడు, బ్లాక్ సైజు (ఒక్కోసారి చదివే ముక్క) 1 ఎంబీ, పక్కన నోఎర్రర్ (తప్పు వచ్చినా ఆగొద్దు), సింక్ (ముక్క తక్కువైతే సున్నాలతో నింపు). చివర్లో మిగిలింది 24 కేబీ ముక్క, దాన్ని 1 ఎంబీ చేయడానికి సింక్ సున్నాలు నింపేసింది. డీడీ చెప్పిన పనే చేసింది! సింక్ తీసేసి మళ్లీ తీస్తే హ్యాష్ అక్షరం తేడా లేకుండా కలిసింది. నిజంగా బ్యాడ్ సెక్టార్లుంటే ఆ కమాండ్ ఇంకా ప్రమాదం, పక్కనున్న మంచి సెక్టార్లు కూడా సున్నాలైపోవచ్చు. అలాంటి డిస్క్‌కు డీడీరెస్క్యూ వాడండి, చదవలేకపోయిన చోట్లన్నీ మ్యాప్ ఫైల్‌లో రాసి పెడుతుంది.

మూడోది అన్నిటికంటే చేటు. కరెంటు పోయి సరిగ్గా షట్‌డౌన్ కాని ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైల్ సిస్టమ్) డిస్క్‌ను రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా జర్నల్ రీప్లే అయి (మధ్యలో ఆగిన మార్పులు పూర్తవుతూ) డిస్క్ మీద రాత పడుతుంది, నోలోడ్ ఆప్షన్ ఇస్తే తప్ప. అసలు ఇమేజ్ తీయడానికి మౌంట్ చేయాల్సిన పనే లేదు. రైట్ బ్లాకర్ పెట్టండి, ఆటో మౌంట్ ఆపండి, ఆ తర్వాతే కేబుల్ గుచ్చండి.