‘నెమ్మదిగా వెళ్లండి’ బోర్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘నెమ్మదిగా వెళ్లండి’ బోర్డు గారి సముఖమునకు, ఈ రోడ్డుకు ఇరువైపులా కాపురం ఉంటున్నవారు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. అయితే మొన్న రాత్రి నుంచి మీ నడుము వంగి ఉన్నందువల్లా, మా కుశలం గురించి రోడ్డు దాటి అవతలి పక్కకు చేరాక గాని ఖాయంగా చెప్పలేకపోతున్నందువల్లా ఆ మాటను ప్రస్తుతానికి వాయిదా వేస్తున్నాము.

నిజం చెప్పాలంటే మేము అడిగింది మిమ్మల్ని కాదు. బడి ఎదుట రోడ్డును ఫుట్‌పాత్ అంత ఎత్తుకు లేపి క్రాసింగ్ కట్టమని, మలుపు దగ్గర వెడల్పు తగ్గించమని, ఆ మధ్య దూరంలో వరుసగా కొన్ని స్పీడ్ బ్రేకర్లు వేయమని అడిగాము. మా అర్జీ ఒక బల్ల నుంచి మరో బల్లకు నడుస్తూ, ప్రతి బల్ల దగ్గరా ఒక్కో కోరికను రాల్చుకుంటూ, చిట్టచివరకు ఒక ఇనుప కడ్డీ, ఒక రేకు, రెండు మాటలుగా మిగిలి మీ రూపంలో మా ముందు నిలబడింది. ఫైలులో మాత్రం ‘సమస్య పరిష్కరించబడినది’ అని ఉన్నదట. ఆ వాక్యంలో పరిష్కరించినవారెవరో కనబడకపోవడం కర్మణి ప్రయోగం మనకు చేసిన మహోపకారం.

మీ చిత్తశుద్ధిని మేము శంకించడం లేదు. ఎండలోనూ వానలోనూ ఒంటికాలి మీద నిలబడి ఒకే మాట చెబుతున్నారు. చిక్కల్లా మీ వెనుక ఉన్న రోడ్డు అంతకంటే గట్టిగా మరో మాట చెబుతుండడంలో ఉంది. తిన్నగా, విశాలంగా, కనుచూపు మేర అడ్డు లేకుండా పరుచుకున్న రోడ్డు డ్రైవరు కుడికాలితో నేరుగా మాట్లాడుతుంది. వేగం పెరిగే కొద్దీ చూపు దూరానికి పోయి పక్కన ఉన్నవి కంటికి ఆనవు. అంటే ఎవరికి మీ అవసరం ఎక్కువో వారికే మీరు తక్కువగా కనబడతారు. నెమ్మదిగా వెళ్లేవారు మాత్రం మిమ్మల్ని శ్రద్ధగా చదివి, తమ సత్ప్రవర్తనకు సంతోషించి వెళుతున్నారు.

లెక్క చెబితే మీకు విసుగు కలగవచ్చు గాని, మీ ఉద్యోగమే ఒక లెక్క మీద ఆధారపడి ఉంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకు ఎదురుగా ఒక బిడ్డ వచ్చిందనుకోండి. డ్రైవరు గ్రహించి బ్రేకు మీద కాలు వేసేందుకు ఒక సెకను పడితే, బండి ఆలోగా 8 మీటర్లు నడిచి, పొడి రోడ్డు మీద మరో 5 మీటర్లలో ఆగిపోగలదు. అదే 50లో వస్తే ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు దాటిపోతుంది. మొదటి కారు ఆగి నిలబడిన చోట రెండో కారు ఇంకా బ్రేకు వేయనే లేదన్నమాట. వేగం పెరిగితే తాకిడిలోని శక్తి దాని వర్గం చొప్పున పెరుగుతుంది కనుక, ఆ 20 కిలోమీటర్ల తేడాకు అది సుమారు 2.8 రెట్లవుతుంది. పిల్లల ఎముకలకు ఆ గణితం తెలియదు.

ఇక సర్వే సంగతి. నూటికి 85 బండ్లు ఏ వేగానికి లోబడి పోతున్నాయో చూసి, ఆ వేగాన్నే రోడ్డుకు సహజమని భావించే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. హద్దు మీరినవారి చేతనే హద్దు గీయించే ఈ ప్రజాస్వామ్యంలో నడిచేవారికి ఓటు లేదు. మా రోడ్డు దగ్గరా బండ్లను లెక్కించి, ‘దాటేవారి సంఖ్య స్వల్పము, కనుక క్రాసింగ్ అవసరము లేదు’ అని తేల్చారు. ఎదురింటి స్నేహితుడిని చూడటానికి రోజూ దాటే పెద్దాయన భయపడి మానుకున్నారు. ఆయన మానుకోవడం లెక్కలో భద్రతగా నమోదయింది. (ఆ రోజు అందరికంటే వేగంగా పోయినవారు మా నివాసుల సంఘం కార్యదర్శి గారే. అర్జీ ఇవ్వడానికి ఆలస్యమవుతోందట. ఈ విషయం దాచడం ధర్మం కాదు.)

స్పీడ్ బ్రేకరు వేస్తే నడుములు విరుగుతాయని ఒక అభ్యంతరం వచ్చింది. గోడ కట్టబోయి మధ్యలో మానేసినట్టుండే దిబ్బలైతే విరుగుతాయి, నిజమే. అందుకే 1970లలో బ్రిటన్ పరిశోధకులు పరీక్షించి, 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా లేచి దిగే ఆకారాన్ని తయారుచేశారు; మెల్లగా దాటితే కుదుపు స్వల్పం, దూకుడుగా వస్తేనే శిక్ష. అంబులెన్సు ఆలస్యమవుతుందన్నారు. దానికీ ఉపాయముంది: వెడల్పైన బండి చక్రాలు ఇరువైపులా దిగిపోయేలా, చిన్న కారు మాత్రం ఎక్కడం తప్పనిసరయ్యేలా విడివిడిగా వేసే స్పీడ్ కుషన్లు. నెదర్లాండ్స్‌లో ఇళ్ల మధ్య వీధులను నడిచేవారికి, ఆడుకునే పిల్లలకు అనువుగా మలచి, 1976లోనే వాటికి చట్టంలో చోటిచ్చారు. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట వేగం 30కి మించరాదని 2020లో స్టాక్‌హోమ్‌లో మంత్రుల స్థాయి ప్రపంచ సదస్సు ప్రకటించింది. ఇవన్నీ జతచేసి పంపితే, ‘జతపరచిన కాగితములు అధికముగా ఉన్నవి’ అని జవాబు వచ్చింది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మరొకటి: ఇక్కడ నమోదైన ప్రమాదాల సంఖ్య చాలదట. త్రుటిలో తప్పినవి లెక్కకు రావు. గుండె ఆగినంత పనైతే చాలదు, ఆగాలి. ఎన్ని కావాలో చెబితే ఇంటింటికీ పంచుకుంటామని మేము రాయలేదు గాని, ముసాయిదాలో మాత్రం ఉండింది.

ఈ పరిస్థితిలో మొన్న రాత్రి ఒక కారు మిమ్మల్ని గుద్దింది. మీరు ప్రభుత్వ ఆస్తి కనుక మరునాటి ఉదయానికే ఇద్దరు సిబ్బంది వచ్చి, టేపుతో కొలిచి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, నష్టాన్ని రాసుకొని వెళ్లారు. ఈ రోడ్డు మీద అధికారికంగా నమోదైన మొదటి బాధితులు మీరే. మీ వంగిన నడుమును చూపుతూ మేము కొత్త అర్జీ పెట్టాము. దానికి నిన్ననే, ఎన్నడూ లేనంత త్వరగా, సమాధానం అందింది: మీ స్థానంలో మీకు రెట్టింపు సైజు బోర్డు పెట్టడానికి అంచనాలు తయారవుతున్నాయి.

ఇట్లు,
మీ నీడన నిలబడి రోడ్డు ఖాళీ కోసం చూస్తున్నవారు