నా రక్తాన్ని నాకే అమ్మిన యంత్రం గారికి

మహారాజశ్రీ సెంట్రిఫ్యూజ్ యంత్రం గారి దివ్యసముఖానికి,

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి, పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పంతులమ్మ రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ నా మోకాళ్లు రెండూ తప్ప తక్కినవాళ్లమంతా క్షేమం. తమరూ క్షేమమేనని తలుస్తాను. నిన్న మధ్యాహ్నం బిగుసుకున్న తమ మూత ఈపాటికి తెరుచుకునే ఉంటుంది.

నిన్న పొద్దున్న తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చున్నాం. కల్యాణ మండపం మేడ మీది హాలు, పదిహేడు మెట్లు. మోకాళ్ల నొప్పులవాళ్ల శిబిరానికి మేడ మీది హాలును వెతికి పట్టుకున్న మహానుభావుడెవరో గానీ ఆయన మోకాళ్లు చల్లగా ఉండాలి. డాక్టరు గారి కారు పన్నెండుకు వచ్చింది. ఒంటిగంట దాటాక నా చేతి నుంచి మూడు గొట్టాల రక్తం తీశారు. తమరు దాన్ని గిరగిర తిప్పితే రసం విడిపోతుందట, ఆ రసాన్నే నా మోకాళ్లలోకి సూదితో ఎక్కిస్తారు. పీఆర్‌పీ అంటారట. వాటిని తమ పొట్టలో పెట్టి, ఎదురుగా మూడు నీళ్ల గొట్టాలు పెట్టాడు అక్కడి కుర్రవాడు. నీళ్లెందుకు నాయనా అని అడిగాను. తూకం సరిపోకపోతే మిషను గడగడలాడుతుందండీ అన్నాడు. తమరు గిరగిర తిరగడం మొదలుపెట్టారు. రెండు నిమిషాలైందో లేదో కరెంటు పోయింది. తమరు మెల్లగా, ఎంతో హుందాగా ఆగిపోయారు. మూత మాత్రం పట్టు విడవలేదు. కరెంటు ఉంటే తప్ప ఆ తాళం రాదట.

తరవాత మూడు గంటలు ఏం జరిగిందో తమకూ తెలుసు. జనరేటరు తెస్తామన్నారు. అది వచ్చింది, డీజిలు రాలేదు. చివరికి ఆ కుర్రవాడు హాలు మధ్యలో నిలబడి, "ఎవరి దగ్గరైనా జడపిన్ను ఉందా అండీ?" అని అడిగాడు. మూత పక్కన చిన్న రంధ్రం ఉందట, అందులో పొడిస్తే తెరుచుకుంటుందట. నేనే ఇచ్చాను. నా తల్లోంచి తీసిన పిన్నుతో నా రక్తాన్ని విడిపించడానికి ఇద్దరు మనుషులు కుస్తీ పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. పిన్ను విరిగింది. నాలుగున్నరకు డాక్టరు గారు వెళ్లిపోవాలన్నారు. "వచ్చే నెల రండమ్మా, రక్తం మళ్లీ తీస్తాం" అన్నారు. పదిహేడు మెట్లూ దిగి వచ్చాను. మోకాళ్లు సరిగా లేనివాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టమని తమకెవరూ చెప్పి ఉండరు.

ఇది మూడో విడత. విడతకు 12,000 రూపాయలు. మూడింటి సొమ్మూ ముందే కట్టించుకున్నారు.

తమ గురించి నాకు మొదట తెలిసింది కరపత్రం వల్ల. ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు. ఒడియా పక్కన 'ఆంఠు' అని ఉంది, మోకాలికి వాళ్ల మాట, ఈ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. తెలుగు పక్కకు తిప్పితే 'పునరుత్పాదక ఆర్థోబయోలాజికల్ జీవచికిత్స' అని ఉంది. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడిన ఊరండీ ఇది. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లోనే గోడల మీద ఆ కాగితం అంటించడానికి చేతులెలా వచ్చాయి? అందులో నాకు అర్థమైన మాట ఒకటే, గుజ్జు. 'అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుంది' అని ఉంది. ఆ ఒక్క వాక్యం మీద నేను 36,000 రూపాయలు పెట్టాను. మా ఊరి పనివాళ్లు కొమ్ముతో కొంగను చేస్తారు. ఈకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అది ఎగురుతుందని చెప్పి ఎవరూ ఇప్పటివరకు అమ్మలేదు.

నిన్న రాత్రి మా మేనకోడలు ఫోను చేసింది. విశాఖలో ఫిజియోథెరపీ చదువుతోంది. జరిగినదంతా చెప్పాను. జడపిన్ను దగ్గర నవ్వింది, నీళ్ల గొట్టాల దగ్గర నవ్వడం మానేసింది.

"అత్తా, ఆస్ట్రేలియాలో సరిగ్గా అదే తూకం వేశారు" అంది.

2021లో అచ్చయిన పరిశోధన అట. యాభై దాటిన 288 మంది. ఎక్స్‌రేలో నాలాగే ఓ మాదిరి అరుగుదల ఉన్నవాళ్లు. సగం మందికి తమరు చిలికిన రక్తరసం, సగం మందికి ఉప్పునీరు. వారానికొకటి చొప్పున మూడు సూదులు. ఎవరికి ఏది పడిందో వాళ్లకు తెలియదు. ఏడాది తరవాత నొప్పి ఎంత తగ్గిందని అడిగారు. పదికి లెక్క వేస్తే, తమ సూది పడినవాళ్లకు 2.1 తగ్గింది. ఉప్పునీరు పడినవాళ్లకు 1.8 తగ్గింది. ఆ కాస్త తేడాను తేడాగా లెక్కపెట్టలేమని తేల్చారు. మరి గుజ్జో? స్కానింగులో కొలిచారు. తమవాళ్లకు 1.4 శాతం తరిగింది, ఉప్పునీటివాళ్లకు 1.2 శాతం తరిగింది. అదీ తేడా కిందికి రాదు. పెరిగింది మాత్రం ఏ జట్టులోనూ లేదు.

తూకం సరిపోయిందండీ! ఒక పక్క నా రక్తం, ఒక పక్క నీళ్లు, గడగడలాడకుండా సమానంగా తిరిగాయి. తమకు ఈ రహస్యం మొదటి నుంచీ తెలుసు. రోజూ తమ పొట్టలోనే జరుగుతోంది కదా.

తమకు అన్యాయం చేయకూడదు కాబట్టి ఇదీ రాస్తాను. కొన్ని చిన్న పరిశోధనల్లో తమకు మంచి మార్కులే వచ్చాయట. కానీ ఒకచోట తీసిన రసానికీ మరోచోట తీసిన రసానికీ పొంతన లేదు. ఎంత రక్తం, ఎంతసేపు తిప్పాలి, తెల్లకణాలు ఉంచాలా తీయాలా, ఎవరి పద్ధతి వారిది. ఇంట్లో మజ్జిగ చిలికితే ఎంత పాలకు ఎంత వెన్న వస్తుందో మా అమ్మ చెప్పగలిగేది. తమరు చెప్పలేరు. 2019లో అమెరికా కీళ్లవాతపు వైద్యుల సంఘం తన సూచనల్లో మోకాలి అరుగుదలకు తమ సూది వద్దని గట్టిగా రాసిందని కూడా మేనకోడలు చెప్పింది. కరపత్రంలో చోటు చాలక రాయలేదేమో.

తమ బంధువులను కూడా అడిగానని చెప్పండి. పక్క బల్ల మీద తమ పెద్దన్నగారు మూలకణాల బోర్డు కనబడింది, ధర చూసి కళ్లు తిరిగాయి. 2023లో 475 మంది మీద మూడు రకాల కణాలను మామూలు స్టెరాయిడ్ సూదితో పోల్చి చూస్తే ఏడాదికి ఒక్కటీ దాన్ని మించలేదు. పైగా మన దేశపు 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి జబ్బుకు క్లినికల్ ట్రయల్ బయట మూలకణాలు వాడనే కూడదు. బోర్డు మాత్రం ఎంత ధైర్యంగా వెలుగుతోందో! స్టెరాయిడ్ మామయ్యగారు నాలుగు వారాలు హాయి ఇస్తారు, మూడు నెలలకోసారి రెండేళ్లు పిలిస్తే గుజ్జునే కాస్త తిని వెళతారు. జెల్లు సూది పిన్నిగారి మీద 169 పరిశోధనలు కలిపి చూస్తే మిగిలింది చిటికెడు మేలు. కీళ్లలోకి గొట్టం పెట్టి కడిగే శస్త్రచికిత్స బాబాయిగారి సంగతి 2002లోనే తేలింది. పైపైన కోసి కుట్టేసినవాళ్లకూ అంతే తగ్గింది. కీళ్లకు మంచిదని అమ్మే గ్లూకోసమైన్ పొడి మా వారు పాలలో కలుపుకుని తాగుతారు. రుచి బాగుందంటారు, ఉండనివ్వండి.

ఇంతవరకు మర్యాదగానే రాశాను. ఇకపై 'తమరు' అనడం నా వల్ల కాదు.

నీ మొదటి సూది నాకు పనిచేసింది. అదే నా బాధ. నిజంగా పనిచేసింది. మూడు వారాలు నొప్పి తెలియలేదు. ఉప్పునీటివాళ్లకు కూడా అలాగే తగ్గిందని అప్పుడు నాకేం తెలుసు? కూరగాయల బజారుకు నడిచి వెళ్లాను, పాతపట్నం వెళ్లి నీలమణి దుర్గమ్మ గుళ్లో మెట్లెక్కి దండం పెట్టుకున్నాను. కనబడినవాళ్లందరికీ నీ గొప్ప చెప్పాను. ముప్పై ఏళ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పిన నోటితో నిన్ను పొగిడాను. నా మాట విని ఎదురింటి పిన్నిగారు వచ్చింది.

ఆవిడకు 71 ఏళ్లు. చేగోడీలు, జంతికలు వేసి అమ్ముకుంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొయ్యి ముందు ముక్కాలిపీట మీదే. లేవాలంటే ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి నేల మీద, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆవిడ ఎక్స్‌రే నేనూ చూశాను. ఎముకల మధ్య సందు లేదు, గుజ్జు అనేది పేరుకైనా లేదు. నిన్ను పరీక్షించినవాళ్లు కూడా అంత అరిగిన మోకాళ్లను పరీక్షలో చేర్చుకోలేదు. ఆవిడను ఎవరూ వెనక్కి పంపలేదు. చీటీ పాడి తెచ్చిన సొమ్ము ముందే కట్టించుకున్నారు. ఆపరేషన్ తప్పుతుందని చెప్పారు. ఆవిడకు కావలసింది ఆపరేషనే కావచ్చు. ఆ మాట చెప్పే ఎముకల డాక్టరు దగ్గరికి పంపి ఉంటే సరిపోయేది. మార్పిడి చేసే మోకాలి ధరకు ప్రభుత్వం 2017లోనే హద్దు పెట్టింది. ఎక్కువమంది వాడే రకానికి అప్పుడు 54,720 రూపాయలు, పైన పన్ను. నీ ధరకు హద్దు ఎవరు పెట్టారు? ఆవిడ రక్తం ఆవిడదే కదా, నువ్వు పోసింది ఏముంది? తిప్పినందుకు డబ్బా? రంగులరాట్నంవాడు కూడా తిప్పుతాడు, పది రూపాయలు తీసుకుంటాడు, దిగాక గుజ్జు పెరుగుతుందని చెప్పడు!

నిన్న ఆవిడ కూడా నా పక్కనే కూర్చుంది. ఇంటి నుంచి జంతికలు తెచ్చి శిబిరంలో అందరికీ పంచింది. నీ కుర్రవాడికి రెండు ఎక్కువ పెట్టింది, పాపం పొద్దున్నుంచి ఏమీ తినలేదని. సాయంత్రం మెట్లు దిగుతూ, "నీ చేత్తో పెట్టించావు కాబట్టి తగ్గుతుందిలే అమ్మా" అంది. ఆ మాట అప్పటినుంచి నా గొంతులో అడ్డం పడింది.

మా మేనకోడలు చెప్పిన వైద్యంలో బోర్డు లేదు, యంత్రం లేదు. కుర్చీలో కూర్చుని కాలు చాచి, తొడ కండరం బిగించి, పది లెక్కపెట్టి దించడం. కుర్చీ లోంచి చేతులు ఆన్చకుండా లేవడం. నడక. నొప్పి ఎక్కువైన రోజున పైపూత మందు, చేతికర్ర. ఒక కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందట. ఆ మాట చెప్పి నా నడుము సంగతి ఎత్తలేదు, పెద్దదాన్నని గౌరవం. 2020లో 156 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు స్టెరాయిడ్ సూది, ఒక జట్టుకు ఫిజియోథెరపీ ఇస్తే, ఏడాదికి ఫిజియోథెరపీవాళ్లే మెరుగ్గా ఉన్నారు. ఇందులోనూ అద్భుతాలేం లేవు అత్తా, మానేస్తే నొప్పి మళ్లీ వస్తుంది, గుజ్జు దీనితోనూ పెరగదు అని ముందే చెప్పేసింది. ఇన్నేళ్లలో నా మోకాళ్ల గురించి ఎవరైనా 'పెరగదు' అనడం అదే మొదటిసారి. విచిత్రంగా మనసు తేలికపడింది.

ఇవాళ పొద్దున్న పిన్నిగారి అరుగు మీద ఇద్దరం మొదలుపెట్టాం. చీలమండకు అరకిలో కందిపప్పు పొట్లం గుడ్డతో కట్టుకుని కాళ్లెత్తుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. పిన్నిగారు ఏడు దాకా లెక్కపెట్టి, నూనె కాగిపోతోందని లోపలికి వెళ్లిపోయింది. నేను పది చేశాను. ఎడమ కాలుకు ఎనిమిదే.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదని చెప్పు. మంచి పిల్లవాడు, నీళ్లు పోసి తూకం సరిచేయడం బాగా నేర్చుకున్నాడు.

ఇట్లు,
నీ దగ్గర మూడు గొట్టాల రక్తం, ఒక జడపిన్ను బకాయి ఉన్న పంతులమ్మ

తా.క.: రశీదు మళ్లీ తీసి చదివాను. అంతా ఇంగ్లీషు, చివరి వరుస ఒక్కటే చక్కని వాడుక తెలుగులో ఉంది: 'కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరు.' డబ్బు సంగతి అర్థమైంది. రక్తం సంగతి రాయలేదు.