గుర్రాల్ని పట్టింది మా వీధి, కోత పడింది ఆ పిల్లోడి కూలికి

పొద్దున్నుంచి ఒళ్లు మండిపోతోంది, రాయకపోతే అన్నం కూడా తినలేను. రాత్రి పెళ్లి ఊరేగింపులో రథానికి కట్టిన గుర్రాలు రెండు తెంపుకుని పారిపోతే మా వీధంతా రెండు గంటలు బురదలో పడి పట్టుకొచ్చాం కదా, ఇవాళ పొద్దున్నే పెళ్లివారి తరఫు పెద్దమనిషి ఒకాయన వచ్చి గుర్రాల పిల్లోడితో ఏమన్నాడో తెలుసా? ఊరేగింపు మధ్యలో ఆగిపోయింది కాబట్టి నీకు డబ్బులివ్వం, పైగా రథం చక్రం విరిగింది, ఆ ఖర్చు కూడా నువ్వే పెట్టుకోవాలి అన్నాడు. మా అరుగు మీద నిలబడి అన్నాడండి! పిల్లోడికి పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. పగ్గం లాగి లాగి రెండరచేతులూ తోలు లేచిపోయి ఉన్నాయి, ఆ చేతులు వెనక్కి పెట్టుకుని తలొంచుకుని నిలబడ్డాడు.

అసలు అవి ఎందుకు పారిపోయాయి? గుడి సెంటర్లో సరిగ్గా వాటి కాళ్ల ముందే పదివేల వాలా పరిచి అంటించారు, పక్కనే డీజే బాక్సులు. బాబూ కాస్త అవతల పెట్టండి అని ఆ పిల్లోడు చేతులు జోడించి అడగడం మా గేటు దగ్గర నుంచి నేను కళ్లారా చూశాను. వినలేదు. అంటించిన వాళ్లకి ఏ జరిమానా లేదు, చేతులు జోడించిన వాడికి కూలి కోత.

మా తాత అమలాపురంలో జట్కా తోలేవాడు. గుర్రానికి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, ఇంచుమించు చుట్టూ అంతా కనిపిస్తుంది, తోక వెనకాల మాత్రం కనపడదు, అక్కడ చప్పుడైతే తన్నడమో పరిగెత్తడమో తప్ప దానికింకేం తెలీదు అని నా చిన్నప్పుడే చెప్పాడు. దీపావళి ముందు రోజే జట్కా ఆపేసి గుర్రాన్ని పంటు మీద ఏరు దాటించి లంకలో చుట్టాలింట్లో కట్టేసి వచ్చేవాడు, రెండ్రోజుల కిరాయి పోయినా సరే. చదువు లేని మనిషి ఆయన. వీళ్లంతా చదువుకున్నోళ్లేగా!

అవి కాలవ గట్టెక్కి, తూము దాటి, మొన్ననే నాట్లు ఊడ్చిన దాళ్వా వరి చేలోకి దిగిపోయాయి. అటువైపు అర కిలోమీటరు దూరంలో 216 హైవే. రాత్రి పదకొండున్నర, రొయ్యల లారీలు తిరిగే టైము. ఇంకో పది నిమిషాలు ఆగితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతోంది నాకు.

మా వీధి వాళ్ల గురించి చెప్పాలి, ఎందుకంటే వాళ్ల గురించి ఎవరూ చెప్పట్లేదు. పక్కింటి పిన్ని నైటీ మీద తువ్వాలు కప్పుకుని తవుడు బకెట్‌తో పరిగెత్తుకొచ్చింది. కొబ్బరి దింపు తీసే బాబాయ్ చెట్టెక్కే మోకు తెచ్చి హైవే వైపు బాటకి అడ్డంగా కట్టి దాని మీద లుంగీలు, చీరలు, దొరికినవన్నీ ఆరేశాడు, చీకట్లో గుర్రానికి అది గోడలా కనపడాలని. ఎవరూ తరమొద్దు, కేకలెయ్యొద్దు, బళ్ల లైట్లు ఆపెయ్యండి అని నేను అరుస్తూనే ఉన్నాను, తరిమే కొద్దీ గుర్రం ఇంకా దూరం పోతుంది కదా. అందరూ విన్నారు. ఒక్కడు తప్ప. వాడు ఫోన్‌లో ఫ్లాష్ వేసి వీడియో తీస్తూ ఎదురెళ్లాడు, దగ్గరికొచ్చిన గోధుమరంగు గుర్రం మళ్లీ బెదిరి చేలో ఇంకో పాతిక గజాలు పోయింది. పొద్దున్న చూస్తే మా ఊరి గ్రూపులో అదే వీడియో, "గుర్రాలను కాపాడిన మన హీరో" అని, వాడి మొహానికి దండం పెట్టే బొమ్మలు నలభై. మోకు పట్టుకుని మోకాళ్ల లోతు బురదలో నిలబడ్డ బాబాయ్ అందులో ఒక్క సెకను కూడా లేడు.

మా ఇంట్లో ఉలవచారుకి ఉలవలు నానేసి ఉన్నాయి. గిన్నె తీసుకెళ్లి పిల్లోడి చేతికిచ్చాను. వాడు ఎదురుగా పోలేదు, పక్కనుంచి, భుజం వైపు నుంచి, ఏదో సన్నగా మాట్లాడుతూ నడిచాడు. తెల్లది ఆడగుర్రం. ఒళ్లంతా చెమట, ఆ చెమటకి అతుక్కుపోయిన చెమ్కీలు, మెడలో సగం తెగిన బంతిపూల దండ, ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి, భుజం మీద చర్మం అలలు అలలుగా వణుకుతోంది. గిన్నెలో మూతి పెట్టి ఒక్క నిమిషం తినలేదు, ఊరికే ఊపిరి వదులుతూ నిలబడింది. ఆ ఊపిరి నా చేతికి తగిలింది. అది నడిస్తే రెండోది దాని వెంటే వచ్చేసింది, జోడీ కదా. ముందు కాలి లాడం ఒకటి ఆ బురదలోనే పోయింది, గిట్ట పక్కన చీరుకుపోయింది.

మన సెంటర్లో కాటన్ దొర విగ్రహం గుర్రం మీదే ఉంటుంది. మే 15 వచ్చిందంటే పోటీలు పడి దండలేస్తారు, ధవళేశ్వరం ఆనకట్ట గురించి మైకులు పగిలేలా మాట్లాడతారు. నిన్న రాత్రి ఆ విగ్రహం కిందే, బతికున్న గుర్రం కాళ్ల దగ్గరే కదా ఆ వాలా పేల్చారు!

సరే పట్టుకొచ్చాం, ఎక్కడ కట్టాలి? ఇక్కడే నాకు పాత కోపం మళ్లీ లేచింది. మన ఊరికి బందెలదొడ్డి ఉండేది, నా చిన్నప్పుడు నేను చూశాను, చుట్టూ రాతిగోడ, లోపల నీళ్ల తొట్టి, చింతచెట్టు. తప్పిపోయిన గొడ్డు ఎవరిదైనా అక్కడ కట్టి గడ్డేసేవారు, ఆసామి వచ్చి రుసుం కట్టి తోలుకెళ్లేవాడు. 1871 నాటి చట్టం అది, అందులో పశువులంటే ఆవులూ గేదెలే కాదు, గుర్రాలు, గాడిదలు, ఏనుగులు కూడా. ఇప్పుడా స్థలంలో షాపులున్నాయి. ఎవరికి అద్దెలొస్తున్నాయో ఊరందరికీ తెలుసు. రెండేళ్ల కిందట గ్రామసభలో లేచి అడిగితే ఇప్పుడు గొడ్లెక్కడున్నాయమ్మా అని కూర్చోబెట్టారు. గొడ్లెక్కడున్నాయా? మా తమ్ముడు హైవే మీద చీకట్లో పడుకున్న గిత్తని గుద్ది తొడలో రాడ్డు వేయించుకున్నాడు, ఇప్పటికీ మెట్లెక్కలేడు. ఆ రాత్రి కూడా వాడిని ఆటోలో వేసింది వీధి వాళ్లే, సభలో మాట్లాడిన వాళ్లెవరూ రాలేదు.

రాత్రి గుర్రాల్ని మా పశువుల పాకలో కట్టాం, గేదెని పిన్ని వాళ్లింటికి మార్చి. చేలో నారు తొక్కినందుకు ఆ రైతు మావయ్య ఒక్క మాట అనలేదు. పొద్దున్న మనిషిని పెట్టుకుని పడిపోయిన మొక్కలు మళ్లీ నాటుకుంటున్నాడు. నష్టపోయిన ఆయనే అడగలేదు, మరి ఆ పెద్దమనిషికి అడగడానికి నోరెలా వచ్చింది?

పిల్లోడి డబ్బులు మొత్తం ఇవ్వాల్సిందే. చక్రం ఖర్చు వాలా అంటించిన వాళ్లే పెట్టుకోవాలి. ఈ సాయంత్రం మా వీధి వాళ్లం పదిమందిమి పెళ్లివారింటికి వెళ్తున్నాం, పిన్ని వస్తోంది, బాబాయ్ వస్తున్నాడు, మీలో ఎవరైనా వస్తే రండి, ఆరింటికి గుడి దగ్గర.

1962కి ఫోన్ చేశాను, పశువుల అంబులెన్స్ బయల్దేరిందన్నారు. గుర్రాలకి ధనుర్వాతం తొందరగా పట్టుకుంటుంది, బురదలో తెగిన గిట్టకి ఇంజెక్షన్ పడాలి. పిల్లోడికి ఇడ్లీ పెట్టాను, రెండు తిన్నాడు, మిగతా రెండూ ఆకులోనే ఉంచి పాక దగ్గరికి పోయి ఆ తెల్లదాని కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.