జపాన్ కాలం సంగతి ఎందుకు వదిలేశారు?

అండమాన్‌లోని సెల్యులార్ జైలు మీద మీ వ్యాసం బాగుంది కానీ కథని బ్రిటిష్ వాళ్ల దగ్గరే ఆపేశారేంటండీ? 1942 మార్చిలో జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక అదే జైల్లో మామూలు జనాన్ని కుక్కింది. గూఢచారులని అనుమానం, అంతే, ఇక ఒప్పుకునేదాకా కొట్టడమే. డాక్టర్ దివాన్ సింగ్ అయితే జపాన్ అండతో నడిచిన ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌కి అక్కడి అధ్యక్షుడు, అంటే కాగితం మీద జపాన్‌కి మిత్రుడే! ఆయన్నీ 1943లో పట్టుకెళ్లి రెండు నెలలకు పైగా చిత్రహింసలు పెడితే 1944 జనవరి 14న జైల్లోనే పోయారు. నేతాజీ డిసెంబర్ 30న ఆ ఊళ్లో జెండా ఎగరేసిన రోజు కూడా ఆయన ఆ గోడల లోపలే ఉన్నారు, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. జనవరి 30న ఇంకో 44 మందిని జైల్లోంచి తీసుకెళ్లి హంఫ్రీగంజ్‌లో కాల్చేశారు. 1945 ఆగస్టులో, తిండి చాలక, వందల మందిని పడవలెక్కించి హావ్‌లాక్ దీవి దగ్గర సముద్రంలోకి తోసేశారు. మనవాళ్లు హనీమూన్‌కెళ్లి ఫొటోలు దిగే హావ్‌లాకే అది. హంఫ్రీగంజ్‌లో స్మారకం ఉంది, టూర్ ప్యాకేజీల్లో మాత్రం కనపడదు. వీలైతే రెండో భాగం రాయండి.