పిచ్చుకకు సన్మానం, టేకుకు పులుసు

మార్చి 20, ప్రపంచ పిచ్చుకల దినోత్సవం వచ్చిందంటే చాలు, "పిచ్చుక అంతరించిపోతోంది" అని మైకు పట్టుకునే పెద్దమనుషులు వీధికొకరు పుట్టుకొస్తారు. వారి సౌకర్యార్థం పిచ్చుకనూ టేకు చేపనూ (ఇంగ్లీషులో స్టింగ్‌రే) పక్కపక్కన పెట్టి జాతకాలు చూద్దాం.

రెండూ వెన్నెముక ఉన్న వంశమే. అక్కడితో పొంతన సరి. పిచ్చుక పక్షుల తరగతి, పాసెరిఫార్మిస్ క్రమం, పాసెరిడే కుటుంబం. టేకు సొరచేపల దాయాది, క్రమం మైలియోబాటిఫార్మిస్. ఒంట్లో ఎముకన్నది లేదు, అంతా మృదులాస్థే. ఒకదానికి కిచకిచలు, ఇంకోదానికి తోక మీద విషపు ముల్లు. సభలకు ఏది పనికొస్తుందో వేరే చెప్పాలా?

ప్రపంచ జీవజాతుల స్థితిగతులు లెక్కగట్టే సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో పిచ్చుక హోదా 'తక్కువ ఆందోళన'. నగరాల్లో తగ్గిన మాట నిజమే గానీ, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ దాని కాపురం ఉంది. అయినా సభ జరగాల్సిందే. ముఖ్య అతిథి గారు గూడు ఆవిష్కరిస్తారు. దానికి పిడికిలి దూరేంత కంత! 32 మిల్లీమీటర్లు చాలనీ, పెద్దదైతే గోరింక కబ్జా చేస్తుందనీ చెప్పే నాథుడుండడు. పడమటి ఎండ మాడ్చే గోడకు, ఏసీ డబ్బా పక్కన దాన్ని మేకు కొట్టి తగిలిస్తారు. ఆనక పురుగుమందు కొట్టిన లాన్‌లో నిలబడి నూకలు చల్లుతూ ఫొటో. మొదటి రోజుల్లో పిచ్చుక పిల్లలకు కావాల్సింది నూకలు కాదు మహాప్రభో, పురుగులు! ఆ పురుగుల్నే కదా చంపి నిలబడ్డారు? గూట్లో చీమలు కాపురం పెడతాయి. మరుసటేడు కొత్త గూడు, కొత్త శాలువా.

ఇక టేకుల్లో జావా స్టింగరీ. 1862లో జకార్తా చేపల బజారులో దొరికిన 33 సెంటీమీటర్ల ఆడది ఒక్కటే నమూనా. మళ్లీ ఎవరికీ కనబడలేదు. 2023 డిసెంబరులో ఐయూసీఎన్ 'అంతరించింది' అని తేల్చింది. మనుషుల వల్ల అంతరించినట్టు నమోదైన మొదటి సముద్రపు చేప ఇదే. ఏ ముఖ్య అతిథీ కంట తడి పెట్టలేదు.

పిచ్చుక ఏడాదికి రెండు మూడు విడతలు, విడతకు మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. టేకులు ఆలస్యంగా ఈడేరి, కొద్ది పిల్లల్నే కంటాయి. సముద్రం అడుగున ఈడ్చే ట్రాలు వల పైకి లాగేసరికి ఆ తాకిడికి చూలు టేకు నెలలు నిండని పిల్లల్ని డెక్కు మీదే ఈనేస్తుంది. వాటిని కాలితో తోసేసి తల్లిని ఐసులో వేస్తారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట సెలవు. ఏళ్లు పడితే గానీ ఈడేరని జీవికి రెండు నెలల దయ ఏ మూలకు? మన రేవుల్లో వేలంపాటలో అన్నిటికీ టేకు అన్న ఒక్క పేరే, ఒకే కుప్ప, ఒకే ధర. ఏ జాతి ఎంత దిగిందో రాసుకునే ఓపిక లేనప్పుడు, ఒకటి పోయిందని తెలియడానికి 161 ఏళ్లు పట్టదా మరి?